పెరుగా, ప్రొబయోటిక్కా? ముందు ఆ నెత్తురు సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 34. మూడు నెలలుగా తరచూ విరేచనాలవుతున్నాయి. అయినప్పుడల్లా మందుల షాపులో ఓఫ్లాక్సాసిన్-ఆర్నిడజోల్ యాంటీబయోటిక్ మాత్రలు రెండో మూడో తెచ్చి వేసుకుంటే తగ్గి, వారం తిరిగేసరికి మళ్ళీ మొదలవుతున్నాయి. రెండుసార్లు జిగటతో పాటు కొంచెం నెత్తురు పడింది. ఐదు కిలోలు తగ్గాను. మేలు చేసే సూక్ష్మజీవుల గురించి చదివాను. ప్రొబయోటిక్ క్యాప్సూల్స్ వాడాలా, ఇంట్లో తోడుపెట్టిన పెరుగు చాలా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీరు పెరుగు గురించి అడిగారు గానీ, మధ్యలో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన నెత్తురు, తగ్గిన ఐదు కిలోలే నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తున్నాయి. మూడు నెలల విరేచనాలకు ఈ రెండూ తోడైనప్పుడు పేగు క్షయ, పెద్దపేగు పూత, అమీబియాసిస్ (అమీబా క్రిమి వల్ల వచ్చే పేగు జబ్బు), అరుదుగానైనా కణితి వంటివి లేవని తేల్చుకోవాలి. చూడకుండా ఇదేనని నేను చెప్పలేను. ఈ వారంలోనే గ్యాస్ట్రోఎంటరాలజిస్టును (జీర్ణకోశ వ్యాధుల నిపుణుణ్ణి) కలవండి. మల పరీక్ష, రక్త పరీక్షలతో పాటు కొలనోస్కోపీ (కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) కూడా అవసరమని వారు చెప్పవచ్చు, భయపడి వాయిదా వేయకండి.

ఇక ఆ మాత్రల సంగతి. మా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది చొక్కా జేబులోంచి కత్తెరతో కత్తిరించిన స్ట్రిప్పు ముక్క తీసి చూపిస్తారు, దాని మీద మందు పేరూ ఉండదు, గడువు తేదీ అంతకన్నా ఉండదు. ఓఫ్లాక్సాసిన్‌కు క్షయ క్రిమి మీద కూడా కొంత ప్రభావం ఉంది కనుక, ఒకవేళ మీది పేగు క్షయే అయితే, ఇలా రెండేసి మాత్రలు మింగడం వల్ల లక్షణాలు కొన్నాళ్ళు అణగి, జబ్బు బయటపడటం ఆలస్యం కావచ్చు, క్రిమి ఆ మందుకు మొండికేయనూవచ్చు. చదువుకున్నవారు మీరే ఇలా చేస్తే ఎలాగండీ? పైగా పేగులోని మేలు చేసే బ్యాక్టీరియాను ఈ మందులే చంపుతాయి, ఒక చేత్తో చంపుతూ రెండో చేత్తో క్యాప్సూల్‌లో కొనుక్కుంటానంటున్నారు!

సూక్ష్మజీవుల మేలును నేను కాదనడం లేదు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పర్యవేక్షణలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల నుంచి 1948లో వెలువడిన ఆరియోమైసిన్ అనే యాంటీబయోటిక్ మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవి ఇచ్చిన మందే. యాంటీబయోటిక్ వాడకం వల్ల వచ్చే విరేచనాలను కొన్ని రకాల ప్రొబయోటిక్‌లు కొంతవరకు తగ్గిస్తాయి. వాటిలో శాకరోమైసిస్ బౌలార్డీ ఈస్ట్ జాతిది కాబట్టి యాంటీబయోటిక్‌తో చావదు. అయితే రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికీ, పెద్ద సిరలో గొట్టం ఉన్నవారికీ అదే ప్రమాదం కావచ్చు. పెరుగు పడుతుంటే నిరభ్యంతరంగా తినండి, మజ్జిగ పులుసుగా మరిగిస్తే మాత్రం అందులో బతికి ఉండే బ్యాక్టీరియా దాదాపు ఉండదు. మీ జబ్బుకు పెరుగూ, ప్రొబయోటిక్కూ రెండూ చికిత్స కావు.

డాక్టరును కలిసేదాకా ఓఆర్ఎస్ పొట్లాన్ని దాని మీద రాసినన్ని నీళ్ళలో పూర్తిగా కలిపి తాగుతుండండి. విరేచనాలను బిగించే మాత్రలు వేసుకోవద్దు. జ్వరం, తీవ్రమైన కడుపునొప్పి, కళ్ళు తిరగడం ఉన్నా, నెత్తురు ఎక్కువగా పడినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. ఏ తారీకున ఏ మాత్ర వేసుకున్నారో గుర్తున్నంతవరకు కాగితం మీద రాసి, ఇంట్లో మిగిలిన ఆ స్ట్రిప్పు ముక్కలతో సహా వెంట తీసుకెళ్ళండి.