ఒక్కసారి అడిగితే చాలు

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. ‘తుపాకుల లాబీకి తలవంచిన గవర్నర్’ అన్న శీర్షిక దగ్గరే ఆగిపోయాను. నేనూ తొలిరోజుల్లో శీర్షిక ముందు రాసుకుని, విషయం తర్వాత వెతుక్కునేవాణ్ణి. అందుకే వెంటనే గుర్తుపట్టాను.

కాలిఫోర్నియా అప్పటి గవర్నర్ జెర్రీ బ్రౌన్ 2016 జులై 1న అయిదు తుపాకీ బిల్లులను వీటో చేశాడని రాశావు. నిజమే. అదే రోజు ఆరింటి మీద సంతకం పెట్టాడన్నది ఏమైంది? తెలియక వదిలేస్తే సరే, తెలిసి వదిలేస్తే మాత్రం ఒప్పుకోను.

వీటో అయిన ఆ అయిదింట్లో ఏబీ 1176 అనే అసెంబ్లీ బిల్లును పట్టుకో. ప్రొపొజిషనంటే ప్రజలే నేరుగా ఓటేసి తేల్చే చట్టప్రతిపాదన. 2014లో ఓటర్లు ఆమోదించిన ప్రొపొజిషన్ 47తో, 950 డాలర్లు మించని దొంగతనం చిన్ననేరమైపోయింది. చవక తుపాకీ కాజేసినా అంతే. తుపాకీ దొంగతనాన్ని మళ్లీ పెద్దనేరం చెయ్యాలన్నది ఈ బిల్లు. ఓటర్లు నేరుగా తెచ్చిన చట్టాన్ని అలా వెనక్కి తిప్పాలంటే మళ్లీ వాళ్లనే అడగాలి. అయితే అప్పటి లెఫ్టినెంట్ గవర్నర్ గావిన్ న్యూసమ్ ముందుండి నడిపించిన ప్రొపొజిషన్ 63 అప్పటికే నవంబరు బ్యాలెట్‌కెక్కింది. దాదాపు ఇదే అంశం అందులోనూ ఉంది. ఒకే ప్రశ్నను ఓటర్ల ముందు రెండుసార్లు పెట్టడమెందుకు, ఒక్కసారి చాలన్నాడు బ్రౌన్. ఆ వీటో లేఖ మొత్తం నాలుగైదు వాక్యాలే. బిల్లు ఉద్దేశాన్ని మెచ్చుకుని మరీ తిప్పిపంపాడు. నవంబరులో 63 నెగ్గింది, తుపాకీ దొంగతనం మళ్లీ పెద్దనేరమైంది. ఇక లాబీకి తలవంచిందెక్కడ?

అలాగని ఆయన్ని ఆకాశానికెత్తమనడం లేదు. పది తూటాలకు మించి పట్టే మేగజీన్లు దగ్గర ఉంచుకోవడంపై నిషేధం కూడా 63లో ఉంది. అలాంటి బిల్లు మీద ఆయన అదే రోజు సంతకం పెట్టాడు. అక్కడ పునరుక్తి దోషం అడ్డురాలేదేం? దానికి బ్యాలెట్ అక్కర్లేదు, సంతకంతోనే చట్టమవుతుంది కాబట్టి అని నేననుకుంటున్నాను. నీకు వేరేలా తోస్తే వాదించు. వ్యాసానికి ప్రాణం పోసే చోటు ఇదే, నువ్వేమో దీన్ని తాకనైనా తాకలేదు.

ఇంకోటి. మన పాఠకుడికి గవర్నరంటే రాజ్‌భవన్ గుర్తొస్తుంది. అక్కడి గవర్నర్ ఓట్లతో గెలిచి, మన ముఖ్యమంత్రిలా పాలించేవాడు. ఇక్కడ గవర్నర్ తిప్పిపంపిన బిల్లును సభ మళ్లీ ఆమోదిస్తే ఆయన ఒప్పుకోక తప్పదు. అక్కడ వీటోని దాటాలంటే రెండు సభల్లోనూ మూడింట రెండొంతులు కావాలి. ఇది మొదటి పేరాలోనే చెప్పెయ్.

శీర్షిక మార్చి ఆదివారంలోగా పంపు. అన్నట్టు, కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో 2015లో జరిగిన కాల్పుల్లో 14 మంది చనిపోయిన సంగతి నీ వ్యాసంలో మూడుచోట్ల వచ్చింది. ఒక్కచోట ఉంచు.

మీ అన్నయ్య