బైపాస్‌తో పాటే గుండె దడకూ వైద్యమా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. నాన్నగారికి 66 ఏళ్లు. మూడు రక్తనాళాల్లో పూడికలున్నాయి, బైపాస్ చేయాలని విశాఖపట్నంలో చెప్పారు. రెండేళ్లుగా దడ కూడా ఉంది, ఈసీజీలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని వచ్చింది. అదే ఆపరేషన్‌లో దానికీ వైద్యం చేస్తామంటున్నారు. అసలే టెన్షన్‌గా ఉంటే మళ్లీ ఇదెందుకని అమ్మ భయపడుతోంది. ఒప్పుకోవచ్చా?

జవాబు: ఒప్పుకోవచ్చమ్మా, నన్నడిగితే ఒప్పుకోవడమే మంచిది. బైపాస్‌తో గుండె కండరానికి రక్తం అందుతుంది గానీ రెండేళ్లుగా తప్పిన లయ దానంతటదే దారికొస్తుందని నమ్మకం లేదు. నాన్నగారి మణికట్టు దగ్గర ఒక్క నిమిషం నాడి పట్టి చూడండి, రెండు దెబ్బలు దగ్గర దగ్గరగా, తర్వాతది ఆలస్యంగా, ఇంకోటి అందీ అందనట్టు తగులుతాయి. గుండె పై గదులు సరిగా ముడుచుకోకుండా వణుకుతుండటం వల్ల అలా ఉంటుంది, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటే ఇదే. వణికే గదిలో రక్తం నిలిచి గడ్డ కడుతుంది, అదీ ఎక్కువగా ఎడమ పై గదికి అంటుకుని ఉండే చిన్న సంచిలో. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతమే. నా భయమంతా దడ గురించి కాదు, దీని గురించే.

వాళ్లు చేసేది రెండు పనులు. పై గది గోడ మీద వేడితోనో అతి చలితోనో సన్నటి గీతల్లా మచ్చలు వేస్తారు, గుండెను కొట్టించే కరెంటు సంకేతాలు దారి తప్పి తిరిగినా ఆ మచ్చలు దాటలేవు. 1987లో అమెరికాలో డాక్టర్ జేమ్స్ కాక్స్ మొదలుపెట్టినప్పుడు గోడను కోసి కుట్టేవారు, ఇప్పుడు చాలావరకు ఆ అవసరం లేదు. రెండోది, ఆ సంచిని మూసేయడం. 2021లో వచ్చిన పెద్ద పరిశోధనలో, గుండె ఆపరేషన్ సమయంలోనే సంచి మూసిన వారికి పక్షవాతం సుమారు మూడో వంతు తగ్గింది. అయితే వాళ్లలో ఎక్కువమంది రక్తం పలచబడే మాత్రలు కూడా వాడుతూనే ఉన్నారు, కాబట్టి సంచి మూశారు కదా అని మీరు మాత్రలు ఆపేయకండి.

ఆపరేషన్ కాస్త ఎక్కువసేపు పడుతుంది, కొందరికి తర్వాత పేస్‌మేకర్ అవసరం కావచ్చు. గుండె బాగా బలహీనంగా ఉంటే సర్జన్ సంచి మూయడంతోనే ఆగవచ్చు, నాన్నగారికి ఏది చేస్తారో ముందే అడగండి.

మొదటి మూడు నెలల్లో దడ మళ్లీ వస్తే చేయించినదంతా వృథా అయిందని అమ్మను కంగారుపడవద్దనండి, మచ్చలు గట్టిపడేదాకా అది మామూలే, డాక్టరుకు మాత్రం చెప్పాలి. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ అనే మాత్ర రాస్తే, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష మీకు దగ్గర్లో ఎక్కడ చేస్తారో డిశ్చార్జికి ముందే కనుక్కోండి, ప్రతిసారీ పర్లాకిమిడి నుంచి విశాఖ వెళ్లిరావడం మీవల్ల కాదు.