పి విలువ 0.08 సరే, మీ క్రియాటినిన్ 2.1 సంగతేంటి?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నాకు 52 ఏళ్లు. మాది కవిటి మండలం. కొబ్బరి తోట, కొంచెం జీడి ఉన్నాయి. మా చిన్నమ్మాయి ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం మా ఊళ్లో 20 మందికి, నరసన్నపేట దగ్గర మా పెద్దమ్మాయి అత్తవారి ఊళ్లో 20 మందికి రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే పరీక్ష) చేయించింది. మా ఊరి సగటు 1.21 (ఎస్‌డీ, అంటే అంకెల చెదురు, 0.62), ఆ ఊరిది 0.95 (ఎస్‌డీ 0.18). టీ టెస్టు చేస్తే టీ విలువ 1.80, పి విలువ 0.08 వచ్చాయి. 0.05 దాటింది కాబట్టి రెండు ఊళ్లకూ తేడా లేదని రాసేయమన్నారట. మా ఊళ్లో ముగ్గురివి మాత్రం 3.4, 2.1, 1.9 ఉన్నాయి. 2.1 నాదే. అవతలి ఊళ్లో అందరివీ 1.3 లోపే. ఇంకో పదేసి మందిని కలిపితే పి విలువ 0.05 కిందికి దిగుతుందా? తేడా లేదని తేలితే నేనూ భయపడక్కర్లేదు కదా? మోకాళ్ల నొప్పికి రెండేళ్లుగా మందుల షాపువాళ్లు ఇచ్చిన బిళ్ల వేసుకుంటున్నాను, బాగానే తగ్గుతోంది. బీపీ బిళ్ల ఆర్నెల్ల కిందట మానేశాను, ఏ ఇబ్బందీ లేదు.
- ఒక పాఠకుడు, కవిటి మండలం

డాక్టర్ సలహా:

టీ టెస్టు సంగతి తర్వాత చెబుతాను. బయట పేషెంట్లు కూర్చుని ఉన్నారు కాబట్టి ముఖ్యమైనది ముందు రాసేస్తున్నాను.

52 ఏళ్ల మగవారికి క్రియాటినిన్ 2.1 ఉందంటే, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత వేగంగా వడగడుతున్నాయో చెప్పే అంచనా) లెక్క కడితే సుమారు 37 వస్తుంది. మామూలుగా 90, ఆ పైన ఉండాలి. 60 కంటే తక్కువగా మూడు నెలలకు మించి ఉంటే దాన్ని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటాం. మీకు ఆ జబ్బు ఉందని ఈ ఒక్క రిపోర్టు చూసి నేను తేల్చడం లేదు. ఎండలో తోటపని చేసి నీళ్లు సరిగా తాగకపోయినా, పరీక్షకు ముందు మాంసం బాగా తిన్నా, ల్యాబ్ పద్ధతి మారినా అంకె కొంత మారుతుంది. అయినా వీటి వల్లే 2.1 వచ్చిందనుకుని ఇంట్లో కూర్చోకండి. ఈ వారంలోనే క్రియాటినిన్, యూరియా, పొటాషియం, షుగర్, యూరిన్ రొటీన్, యూరిన్ ఆల్బుమిన్-క్రియాటినిన్ రేషియో చేయించుకోండి. బీపీ చూపించుకోండి. కిడ్నీల స్కానింగ్ అవసరమా అన్నది మిమ్మల్ని చూసిన డాక్టరు చెబుతారు. మూడు నెలల మాట జబ్బు పేరు పెట్టడానికే, అన్నాళ్లూ ఆగి అప్పుడు చూపించుకోమని కాదు.

మీ కవిటి ఉన్న ఉద్దానం ప్రాంతం వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది. అక్కడ కనిపించే కిడ్నీ జబ్బులో చాలామందికి షుగర్ ఉండదు, బీపీ పెద్దగా ఉండదు, మూత్రంలో ప్రొటీన్ కూడా స్వల్పంగానే పోతుంది. కాళ్ల వాపు వచ్చేసరికి జబ్బు చాలా దూరం వెళ్లిపోయి ఉంటుంది. కాబట్టి ‘ఏ ఇబ్బందీ లేదు’ అని మీరు రాసినది నాకు ధైర్యం ఇవ్వడం లేదు.

ఇక ఆ బిళ్ల. దాని పేరు రాయలేదు. డైక్లోఫెనాకో, ఎసిక్లోఫెనాకో, నిమెసులైడో అయి ఉంటుందని నా అనుమానం. షాపులో కవర్లో చుట్టి ఇచ్చే రకమైతే అందులో స్టెరాయిడ్ కూడా ఉండొచ్చు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి వెళ్లే సన్నటి రక్తనాళాన్ని తెరిచి ఉంచడానికి శరీరం ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాలను వాడుకుంటుంది. ఈ నొప్పుల బిళ్లలు సరిగ్గా వాటినే అడ్డుకుంటాయి. పగలంతా చెట్లకింద చెమట కార్చి, సాయంత్రం ఇంటికొచ్చి బిళ్ల వేసుకుంటే కిడ్నీకి రక్తం తగ్గిపోతుంది. ఒకరోజుకి తట్టుకుంటుంది. రెండేళ్లంటే మాటలా?

‘బాగానే తగ్గుతోంది’ అన్నారు. మోకాలి నొప్పి తగ్గుతోంది, నిజమే. కిడ్నీ దెబ్బతింటున్నప్పుడు నొప్పి పుట్టదు, అక్కడే వస్తోంది చిక్కు. మా ఓపీకి వచ్చేవాళ్లను ‘ఏమైనా మందులు వాడుతున్నారా’ అని అడిగితే లేదంటారు. ‘నొప్పుల బిళ్ల?’ అని విడిగా అడిగితే ‘అదా, అది రోజూ ఉన్నదే కదండీ’ అంటారు. దాన్ని మందుగా లెక్కే వేయరు! చదువుకున్నవాళ్లూ అంతే. ఈ రోజు నుంచి ఆ బిళ్ల ఆపండి. అందులో స్టెరాయిడ్ కలిసి ఉంటే మాత్రం ఒక్కసారిగా ఆపడం కూడా ప్రమాదమే. అందుకే వాడిన బిళ్లల అట్టలన్నీ పట్టుకుని ఒకటి రెండు రోజుల్లోనే డాక్టరును కలవండి. ఈలోగా నొప్పి భరించలేకపోతే పారాసిటమాల్ కొంత నయం, అదీ డాక్టరు చెప్పిన మోతాదులోనే. దీనికి బదులు అని పసరు మందులకో, నాటు భస్మాలకో వెళ్లకండి. వాటిలో కొన్నింటిలో సీసం, పాదరసం ఉంటాయి.

ఆర్నెల్ల కిందట మానేసిన బీపీ బిళ్ల డబ్బాలో మిగిలి ఉంటే, ఇది చదివి కంగారుగా వేసేసుకోకండి. కిడ్నీ పనితీరు తగ్గినవారికి కొన్ని రకాల బీపీ మందులు మొదలుపెట్టాక క్రియాటినిన్, పొటాషియం మళ్లీ చూడాలి. ఏది వేయాలో, ఎంత వేయాలో చూసినవాళ్లే చెప్పాలి. అన్నట్టు, మీది కొబ్బరి తోట. బోండాం నీళ్లు కిడ్నీకి చలవ అని రోజూ తాగే అలవాటుంటే, పొటాషియం రిపోర్టు వచ్చేదాకా ఆపండి. మామూలు మనిషికి మంచివే. కిడ్నీ పనితీరు తగ్గి పొటాషియం పెరిగినవారికి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది.

ఇప్పుడు మీరు అడిగినది.

టీ టెస్టు రెండు ఊళ్ల సగటుల గురించి మాట్లాడుతుంది. మీ గురించి అది ఏమీ అనదు. ఈ పద్ధతిని 1908లో ప్రచురించిన గాసెట్ డబ్లిన్‌లోని గిన్నెస్ బీరు కంపెనీలో పనిచేసేవాడు. కొద్దిపాటి నమూనాలతో సగటుల గురించి ఎంతవరకు నమ్మకంగా చెప్పొచ్చన్నది ఆయన సమస్య. కంపెనీ వాళ్లు ఒప్పుకోరని ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో రాశాడు, అందుకే ఇప్పటికీ స్టూడెంట్స్ టీ టెస్టు అంటున్నాం. అలాంటి లెక్కను పట్టుకుని ‘నేను భయపడక్కర్లేదు కదా’ అని అడిగితే ఎలా చెప్పండి?

పి విలువ 0.08 అంటే ఇదీ అర్థం: రెండు ఊళ్ల మధ్య నిజంగా ఏ తేడా లేకపోయినా, కేవలం ఎవరెవరు లెక్కలోకి వచ్చారన్న అదృష్టం కొద్దీ ఇంత తేడా, లేదా ఇంతకంటే పెద్ద తేడా కనబడే అవకాశం వందలో 8. అంతే. తేడా లేకపోవడానికి 8 శాతం అవకాశమనీ కాదు, తేడా లేదని రుజువైనట్టూ కాదు. 0.05 అన్న గీత గణాంక శాస్త్రవేత్త ఫిషర్ 1925 నాటి నుంచి వాడుకలోకి తెచ్చిన ఒప్పందం. 0.049 వస్తే జబ్బు ఉన్నట్టు, 0.051 వస్తే లేనట్టు ఎవరి కిడ్నీలూ నడుచుకోవు.

పి విలువకన్నా మీ అమ్మాయి చూడాల్సింది తేడా ఎంత, అది ఏ హద్దుల మధ్య ఉండొచ్చు అన్నది. తేడా 0.26. మీరు రాసిన అంకెలతోనే 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ కడితే సుమారు మైనస్ 0.03 నుంచి 0.55 వరకు వస్తుంది. అంటే తేడా ఏమీ లేకపోవచ్చు. మీ ఊరి సగటు అర పాయింటు ఎక్కువా ఉండొచ్చు. ఊరి సగటు క్రియాటినిన్ అర పాయింటు ఎక్కువంటే డాక్టర్లకు నిద్ర పట్టదు. కాబట్టి ‘తేడా లేదు’ అని రాయడం తప్పు. ‘ఈ 40 మందితో తేల్చి చెప్పలేకపోయాం’ అని రాయాలి. రిపోర్టు తేలకపోతే మళ్లీ పరీక్ష చేయిస్తాం గానీ జబ్బు లేదని పంపేయం కదా.

ఎస్‌డీలు చూడండి: 0.62, 0.18. మూడు రెట్లకు పైనే. మామూలు టీ టెస్టు రెండు గుంపుల్లోనూ చెదురు ఒకేలా ఉందనుకుని లెక్క వేస్తుంది. ఇలాంటి చోట వెల్చ్ పద్ధతి వాడాలి. అది వాడితే పి విలువ 0.09 దాకా వస్తుంది, పెద్ద మార్పేం కాదు. అసలు చిక్కు వేరే చోట ఉంది. మీ ఊళ్లో 17 మంది సగటు 0.99 దగ్గరే ఉంది, దాదాపు అవతలి ఊరిలాగే. సగటును పైకి లాగింది ఆ ముగ్గురు. చెదురును పెంచిందీ ఆ ముగ్గురే. ఇప్పుడు ఒక్క మాట ఊహించండి. 3.4 ఉన్న ఆయనకు జబ్బు ముదిరి క్రియాటినిన్ 6 అయిందనుకుందాం. ఊరి సగటు 1.34కి పెరుగుతుంది, తేడా 0.39 అవుతుంది. మరి టీ విలువ? 1.80 నుంచి 1.50కి పడిపోతుంది! పి విలువ 0.14 అవుతుంది. అంటే మనిషి పరిస్థితి విషమిస్తే, ఈ టెస్టు ‘తేడా లేదు’ అని ఇంకా గట్టిగా అంటుందన్నమాట. ఇది లెక్క తప్పు కాదు. కొద్దిమంది మాత్రం బాగా ఎక్కువలో ఉన్న చోట, ఇంత చిన్న గుంపులో, సగటులను పోల్చే పద్ధతి ఎంచుకోవడం వల్ల వచ్చిన తిప్పలు. ఇలాంటి అంకెలకు, సగటులను కాకుండా అంకెల వరుస స్థానాలను పోల్చే మాన్-విట్నీ టెస్టో, లాగరిథమ్ తీసి చేసే పోలికో చూడమనండి.

ఈజీఎఫ్ఆర్ 60 కంటే తక్కువ ఉన్నవారు ఎంతమంది అని లెక్కపెట్టడం నాలాంటి వాడికి ఇంకా నచ్చుతుంది. ఈ ముగ్గురే అనుకుంటే 20లో 3, అవతల 20లో సున్నా. దానికి ఫిషర్ ఎగ్జాక్ట్ టెస్టు చేస్తే పి విలువ 0.23. అదీ 0.05 దాటింది. మరి ఉద్దానంలో కిడ్నీ సమస్య లేదని రాసేద్దామా? కారణం ఇదీ అని ఇప్పటికీ తేలని జబ్బు అది, ఉందా లేదా అన్న దశ ఎప్పుడో దాటిపోయింది. పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ఊరికే పెట్టలేదు.

పదేసి మందిని కలిపి చూద్దామన్నారు, అది మాత్రం వద్దు. లెక్క ముందే చూసేసి, నచ్చలేదని మనుషులను కలుపుతూ 0.05 దిగగానే ఆపేస్తే అది పరీక్ష కాదు. సమాన విడతల్లో ఐదుసార్లు అలా చూస్తూ పోతే, ఏ తేడా లేని చోట కూడా తేడా ఉందని తప్పుగా చెప్పే అవకాశం 5 శాతం నుంచి సుమారు 14 శాతానికి పెరుగుతుంది. ఇంత తేడాను, ఈ ఎస్‌డీలతో, 80 శాతం అవకాశంతో పట్టుకోవాలంటే ఊరికి సుమారు 50 మంది కావాలి. చేస్తే ముందే సంఖ్య రాసుకుని కొత్తగా మొదలుపెట్టాలి. చేయలేకపోతే ఉన్నది ఉన్నట్టు రాయమనండి, మార్కులు పోవు. పోయినా ఫరవాలేదు.

ఆ ఇరవై మందినీ ఎలా ఎంచారన్నది కూడా మీరు రాయలేదు. రెండు ఊళ్లలోనూ మగవారు, ఆడవారు సమానంగా ఉన్నారా? ఆడవారి క్రియాటినిన్ మామూలుగానే కొంచెం తక్కువ ఉంటుంది. వయసులు? రెండు ఊళ్ల రక్తం ఒకే ల్యాబ్‌లో చూశారా, లేక సోంపేటలో కొన్ని, శ్రీకాకుళంలో కొన్నా? డయాలసిస్‌కి వెళ్లినవారు ఆ రోజు ఊళ్లో ఉండరు, లెక్కలోకీ రారు. అనుమానం ఉన్నవారే ముందుకొచ్చి చేయి చాపి ఉండొచ్చు కూడా. ఇవి సరిచూడకుండా ఏ టెస్టు చేసినా ఒకటే.

చివరగా నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టిన అంకె మీది కాదు, 3.4. అది ఎవరిది? ఆయనకు గానీ ఆమెకు గానీ ఆ సంగతి చెప్పారా? మీ ఉత్తరంలో ఆ మాట ఎక్కడా లేదు. ప్రాజెక్టు కోసం రక్తం తీసుకున్నప్పుడు, ఇలాంటి రిపోర్టు వస్తే ఆ మనిషికి చెప్పడం మీ అమ్మాయి బాధ్యత, గైడ్‌ది ఇంకా ఎక్కువ. పేర్లు గుట్టుగా ఉంచాలన్న నియమం రోగి దగ్గర దాచమని కాదు. రేపే వెళ్లి చెప్పి, పలాసలోనో, శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆస్పత్రిలోనో చూపించుకోమనండి. మూత్రం తగ్గినా, ఆయాసం వచ్చినా, వాంతులవుతున్నా రేపటిదాకా కూడా ఆగకూడదు. 1.9 ఉన్నవారికీ చెప్పండి, వాళ్లింట్లో నొప్పుల బిళ్లలు ఏమైనా ఉన్నాయేమో అడగండి. మీరు ముగ్గురూ ఒకే ఆటోలో వెళ్లినా సరే. ఉత్తరం చదివి ఇచ్చిన సలహా ఇది, మిమ్మల్ని చూసి చేసిన వైద్యం కాదు. వెళ్లేటప్పుడు పాత చీటీలు, బిళ్లల అట్టలు మరిచిపోకండి.