రోమన్ నాణెం బరువును గ్రాముల్లోకి మార్చడం ఎలా?

“పౌండులో 1/84 వంతు” అంటే ఎన్ని గ్రాములు? ముందు ఒక జాగ్రత్త: ఆ పౌండు 453.6 గ్రాముల ఇంగ్లీషు పౌండు కాదు, రోమన్ లిబ్రా. 453.6ను 84తో భాగిస్తే 5.4 గ్రాములొస్తుంది, అంత బరువున్న డెనారియస్ (రోమన్ వెండి నాణెం) ఆ ప్రమాణంలో ఉండదు.

లిబ్రాకు ఎక్కువగా వాడే విలువ 327.45 గ్రాములు. 84తో భాగిస్తే 3.90 గ్రా. అగస్టస్ చక్రవర్తి కాలపు డెనారియస్ బరువు అదే. క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి దాన్ని 1/96 వంతుకు మార్చాడు కాబట్టి 3.41. కాన్‌స్టంటైన్ బంగారు సాలిడస్ 1/72 వంతు, అంటే 4.55. బరువు స్క్రూపుల్స్‌లో ఇస్తే ఒక్కోదాన్ని 1.137తో గుణించండి (ఇది రోమన్ చిన్న తూకం, లిబ్రాకు 288).

కొందరు లిబ్రాను 322.8 గ్రాములుగా తీసుకుంటారు. అప్పుడు సాలిడస్ 4.48 అవుతుంది. కాబట్టి ఏ విలువ వాడారో పక్కనే రాయండి. మూడో దశాంశం దాకా లెక్కకట్టడం వృథా.

ఇది నాణేల ముద్రణకు పెట్టుకున్న ప్రమాణమే, ప్రతి నాణెం అసలు బరువు కాదు. వెండి నాణేలను ఒక్కొక్కటిగా తూచి కాకుండా, పౌండుకు ఇన్ని అని ముద్రించేవారు, పైగా అరుగుదల. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో దొరికినలాంటి డెనారియస్‌ను తూస్తే 3.6 వచ్చినా ఆశ్చర్యం లేదు.