గుంపులో సైకిల్ తొక్కబోతున్న మేనకోడలికి

అమ్మాయీ,

ఆదివారం నుంచి గుంపుతో కలిసి రోడ్డు సైకిల్ తొక్కబోతున్నానని రాశావు. చాలా సంతోషం. ఒంటరిగా నువ్వు బాగానే తొక్కుతావు కాబట్టి సీటు ఎత్తు, గేర్లు మార్చడం లాంటివి మళ్లీ చెప్పను. గుంపులోకి వెళ్తే లెక్క మారుతుంది. నీ వెనక చక్రానికి కాస్త దూరంలో ఇంకో మనిషి ఉంటారు. నీ వీపూ నీ టైరూ తప్ప రోడ్డు వాళ్లకి సరిగా కనపడదు. నువ్వు ఏం చేసినా ముందు తగిలేది వాళ్లకే. అందుకే గుంపులో వెనకవాళ్ల కోసం తొక్కాలి. ఈ ఉత్తరమంతా ఆ ఒక్క విషయం చుట్టూనే రాస్తున్నాను.

బండిని శనివారం సాయంత్రమే చూసుకో. బయల్దేరే చోట పది మందిని నిలబెట్టి చెయిను సర్దుకోవడం బాగుండదు. నీ బరువుకి 28 మి.మీ. టైరు అయితే ముందు చక్రానికి 60, వెనక దానికి 65 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర మొదలుపెట్టి, రెండు మూడు అటూ ఇటూ మార్చి చూసుకో. వెనక చక్రం మీద బరువు ఎక్కువ పడుతుంది, అందుకే ఆ తేడా. టైరు పక్కన అచ్చువేసిన పెద్ద అంకె దాకా గాలి కొట్టకు. అది హద్దు మాత్రమే. రాయిలా బిగిసిన టైరు గతుకుల మీద ఎగురుతుంది, మలుపులో జారుతుంది, చేతులు తిమ్మిరెక్కిస్తుంది. రిమ్ము హుక్‌లెస్ రకం, అంటే టైరు అంచుని పట్టుకునే కొక్కెం లేనిదైతే 72.5 పీఎస్ఐ, అంటే 5 బార్, ఎట్టి పరిస్థితిలోనూ దాటకూడదు. గాలి కొట్టాక చక్రాన్ని మెల్లగా తిప్పుతూ టైరు మీద గాజు పెంకులు ఇరుక్కున్నాయేమో చూడు. చెయినుకి ఒక్కో రోలర్‌కి ఒక్క చుక్క నూనె చాలు. కొంతసేపాగి పైపైన గుడ్డతో తుడిచెయ్, లేకపోతే దుమ్మంతా దానికే అంటుకుంటుంది.

వెనక ఎర్ర లైటు వేసుకో, కానీ గుంపులో ఉన్నప్పుడు మిణుకు మిణుకుమనే మోడ్‌లో పెట్టకు. నీ వెనకున్న మనిషి గంటలకొద్దీ ఆ వెలుగులోకే చూస్తూ తొక్కాలి. తక్కువ వెలుగుతో నిలకడగా వెలిగేలా పెట్టు. వానాకాలం అయితే వెనక మడ్‌గార్డుకి కింద దాకా వేలాడే రబ్బరు ముక్క తగిలించుకో. అది లేకపోతే నీ టైరు చిమ్మే బురద నీళ్లు నేరుగా వెనకవాళ్ల మొహం మీదికే వెళ్తాయి. మడ్‌గార్డు ఉన్నవాళ్ల మీద నీకు లేని గౌరవం మొదటి వాన రోజునే కలుగుతుంది.

సీటు కింద సంచిలో నీ టైరు సైజుకి సరిపోయే ట్యూబులు రెండు, టైరు ఊడదీసే లివర్లు రెండు, చిన్న పంపు, మల్టీటూలు, చెయిను జోడించే లింకు ఒకటి, చిరిగిన టైరు లోపల పెట్టడానికి పాత టైరు ముక్క ఒకటి ఉండాలి. లింకు నీ గేర్ల సంఖ్యకి, అంటే వెనక పళ్లచక్రాల సంఖ్యకి, తగినదే కావాలి. 11 గేర్లదీ 12 గేర్లదీ ఒకటి కావు. గుంపులో ఎవరి దగ్గరో ఒకరి దగ్గర ఉంటాయిలే అనుకోకు. రిమ్ము లోతును బట్టి వాల్వు పొడవు మారుతుంది. పక్కవాళ్ల ట్యూబు నీ చక్రానికి పనికిరాకపోవచ్చు.

ఇక తొక్కడం. ముందువాళ్లు గాలిని చీల్చుకుంటూ పోతుంటే వాళ్ల చాటున తొక్కేవాళ్లకి శ్రమ పావు వంతు నుంచి మూడో వంతు దాకా తగ్గుతుంది. అందరూ దగ్గరదగ్గరగా తొక్కేది ఇందుకే. నువ్వు మొదట్లో ఒక మీటరు దూరం ఉంచు. లాభంలో ఎక్కువ భాగం ఆ దూరంలో కూడా దక్కుతుంది. అలవాటయ్యాక అర మీటరుకి రావచ్చు. ముందు టైరు మీదే చూపు పాతుకుపోకూడదు. ముందు మనిషి భుజాల మీదుగా, ఇంకా అవతల ఏం జరుగుతోందో చూడు.

ఒక్క పని మాత్రం ఎప్పుడూ చెయ్యకు. నీ ముందు చక్రాన్ని ముందువాళ్ల వెనక చక్రానికి పక్కగా దూర్చకు. వాళ్లు గుంత తప్పించుకోవడానికి జానెడు పక్కకి జరిగితే చాలు, రెండు చక్రాలూ రాసుకుంటాయి. వాళ్ల వెనక చక్రానికి పెద్దగా ఏమీ కాదు. నీ ముందు చక్రాన్ని మాత్రం అటూ ఇటూ మళ్లించడానికి వీల్లేకుండా పోతుంది. అలా మళ్లించే వీలు లేకపోతే సైకిల్ నిలబడదు, పడేది వెనకున్నవాళ్లే. గుంపుల్లో పడిపోవడాల్లో చాలా భాగం ఇలాంటివే.

బ్రేకు విషయం కూడా ఇంతే ముఖ్యం. నువ్వు కొంచెం నొక్కితే నీ వెనకవాళ్లు ఇంకొంచెం గట్టిగా నొక్కుతారు, ఐదో మనిషి దాదాపు ఆగిపోతారు. ఆ తర్వాత అందుకోవడానికి ఆయాసపడుతూ తొక్కాలి. ముందువాళ్లకి దగ్గరవుతున్నావనిపిస్తే ముందు తొక్కడం ఆపు. చాలకపోతే నడుము నిటారుగా ఎత్తి ఛాతీకి గాలి తగలనివ్వు. ఇంకా చాలకపోతే అరచెయ్యంత పక్కకి జరిగి గాలిలోకి రా. బ్రేకు ఆఖర్న, అదీ మునివేళ్లతో.

సీటు మీంచి లేచి తొక్కడం చూడటానికి చిన్న విషయం. కానీ లేచే క్షణంలో కాళ్ల ఒత్తిడి తగ్గి సైకిల్ ఒక్కసారి వెనక్కి వచ్చినట్టవుతుంది. వెనకవాళ్ల టైరు అక్కడే ఉంటుంది. కాబట్టి లేవబోయే ముందు ఒక గేరు బరువుగా మార్చు. ఒక పెడలు పైనుంచి కిందికి దిగుతున్నప్పుడు దాని మీద బరువు వేస్తూ లే. కూర్చునేటప్పుడూ అంతే, తొక్కుతూనే కూర్చో. ఖాళీ రోడ్డు మీద ఒంటరిగా ఓ ఇరవైసార్లు చేస్తే ఒంటికి పట్టేస్తుంది.

గుంత, ఇసుక, కంకర కనపడితే చేత్తో చూపించు, నోటితో చెప్పు. విన్న ప్రతివాళ్లూ వెనక్కి అందించాలి, మధ్యలో ఒకరు ఊరుకున్నా ఆ వెనక అందరూ గుడ్డిగా వెళ్తారు. వెనక నుంచి బండి వస్తుంటే మాట చివరి నుంచి ముందుకి రావాలి. రోడ్డు బాగా గతుకులుగా ఉంటే చెయ్యి తియ్యకు. రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉంచి గొంతుతో చెప్పు. ప్రతి చిన్న రాయికీ అరిస్తే కొంతసేపటికి ఎవరూ వినరు. పడేసేవీ పంక్చర్ చేసేవీ చెప్పు, చాలు.

ముందుండి గాలిని చీల్చే వంతు నీకొచ్చినప్పుడు చాలామంది కొత్తవాళ్లలా ఉత్సాహంలో వేగం పెంచకు. రెండో స్థానంలో ఉండగా మీటర్లో ఎంత చూపించిందో చూసుకుని, ముందుకొచ్చాక అదే వేగం ఉంచు. అదే వేగానికి ఇప్పుడు శ్రమ బాగా పెరుగుతుంది, కంగారుపడకు. ఒకటి రెండు నిమిషాలు చాలు. అలసిపోయే దాకా ఉండొద్దు, ఎందుకంటే పక్కకి తప్పుకుని వెనక్కి వచ్చాక చివర్లో అతుక్కోవడానికి కొంత బలం మిగలాలి. తప్పుకునే ముందు వెనక్కి ఓ చూపు చూసి, అనుకున్న వైపుకి జరిగి, కాళ్లు తేలిగ్గా తిప్పుతూ ఉండు. చివరి మనిషి ముందు చక్రం నీ పక్కకి రాగానే మళ్లీ బలం వెయ్యి. దాటి పోయాక మొదలుపెడితే నాలుగైదు మీటర్లు ఖాళీ వస్తుంది, దాన్ని పూడ్చడానికి పడే కష్టం ముందు తొక్కిన దానికంటే ఎక్కువ. ఆ రోజు ఓపిక లేకపోతే వంతు తీసుకోనని చెప్పి వెనకే ఉండు, అందులో తప్పేం లేదు.

ఇద్దరిద్దరుగా వెళ్తున్నప్పుడు హ్యాండిళ్లు సమానంగా ఉంచు. పక్క మనిషి కంటే అర చక్రం ముందుంటే వాళ్లు సమానం కావాలని కొంచెం పెంచుతారు, నువ్వు మళ్లీ పెంచుతావు, వెనక గుంపు రబ్బరులా సాగుతుంది. పక్కన ఉన్నవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడుతూ తొక్కగలిగితే వేగం సరిగ్గా ఉందని అర్థం. పక్కపక్కన తొక్కేటప్పుడు కుదిరే కబుర్లు వేరే ఎక్కడా కుదరవు, వాటి కోసమే వచ్చేవాళ్లు చాలామంది. ముక్కలు ముక్కలుగా మాటలు వస్తున్నాయంటే వేగం తగ్గించు.

అందరికంటే నెమ్మదిగా తొక్కేవాళ్లని చివర పెట్టడం నాకు నచ్చని అలవాటు. పైన చెప్పానే, బ్రేకు కుదుపులు చివరికి వెళ్లేకొద్దీ పెద్దవవుతాయి. అంటే బలం తక్కువ ఉన్నవాళ్లకే అన్నిటికంటే ఎక్కువ పని పడుతుంది. వాళ్లని మూడో నాలుగో స్థానంలో ఉంచాలి. గాలి తగలదు, కుదుపులు తక్కువ, ఇబ్బంది పడుతుంటే ముందువాళ్లకి వెంటనే తెలుస్తుంది. చివర్లో అనుభవం ఉన్నవాళ్లు ఒకరు ఉండాలి. ఫ్రాన్స్‌లో 1904 నుంచి ఆడాక్స్ పద్ధతి రైడ్‌లు ఇలాగే ఒక కెప్టెన్ వెనక అందరూ కలిసి సాగే పద్ధతిలో నడుస్తున్నాయి. గంటకి 22.5 కి.మీ. సగటున, కెప్టెన్‌ని దాటి ఎవరూ ముందుకి పోకూడదు. వందల కిలోమీటర్లు అలాగే వెళ్తారు.

ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం ఎవరి వేగం వాళ్లది. అక్కడ వేగం తక్కువ కాబట్టి ఇంకొకరి చాటున తొక్కినా పెద్దగా కలిసిరాదు, కలిసి వెళ్లాలని పట్టుబడితే అందరికీ ఇబ్బందే. పైన ఆగి కలుసుకోవాలి. ఆగేది రోడ్డు మీద కాదు, పూర్తిగా పక్కకి, మలుపు దాటాక. చివరి మనిషి రాగానే అందరూ పెడళ్ల మీద కాళ్లు పెట్టేస్తారు చూడు, అది చాలా అన్యాయం. ముందొచ్చినవాళ్లు పది నిమిషాలు సేద తీరి ఉంటారు. వచ్చినవాళ్లు నీళ్లు తాగి, ఏదైనా తిని, ఊపిరి తీసుకోవడానికి కనీసం మూడు నాలుగు నిమిషాలు ఇవ్వాలి. నువ్వు చివర వచ్చిన రోజు మొహమాటపడకుండా అడుగు. నువ్వు ముందొచ్చిన రోజు వాళ్లు అడక్కుండానే ఇవ్వు.

దిగేటప్పుడు దూరం మూడు నాలుగింతలు పెంచు. మలుపులోకి వెళ్లకముందే బ్రేకు పని ముగించు. మలుపుకి బయటివైపు పెడలు కిందికి ఉంచి బరువు దాని మీద వెయ్యి, చూపు మలుపు అవతలి చివర మీద పెట్టు.

తిండి గురించి ఒక్క మాట. రెండు గంటలు దాటే రైడ్‌లో గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి. ఓ మోస్తరు అరటిపండులో సుమారు 25 గ్రాములు ఉంటుంది. గంటకి అర లీటరు నీళ్లు, ఎండలో ఇంకా ఎక్కువ. ఆకలేసే దాకా ఆగితే ఆలస్యమైపోయినట్టే. మొదటి అరగంట ముప్పావుగంటలోనే మొదలుపెట్టు. కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉన్న చక్కెర అయిపోతే కాళ్లు ఒక్కసారిగా చచ్చుబడతాయి, మాట తడబడుతుంది, చిరాకు వస్తుంది. బాగా మాట్లాడుతున్న మనిషి ఉన్నట్టుండి మౌనమైతే తిన్నావా అని అడిగి, జేబులోది తీసి ఇవ్వు.

పంక్చర్ అయితే అందరూ రోడ్డు దిగాలి. ఒకరు చక్రం పని చూస్తే ఒకరు ముల్లు వెతకాలి, ఒకరు వచ్చేపోయే బండ్లని చూడాలి. ఐదుగురు ఐదు సలహాలు ఇవ్వకూడదు. వెనక చక్రమైతే విప్పే ముందే చెయిను అన్నిటికంటే చిన్న పళ్లచక్రం మీదికి తెచ్చుకో. టైరు ఒక వైపే విప్పి ట్యూబు తీసి, గాలి కొట్టి చిల్లు ఎక్కడుందో చూడు. చిల్లు బయటి వైపు ఉంటే ముల్లో గాజో. లోపలి వైపు ఉంటే రిమ్ము లోపల స్పోకుల కన్నాలని కప్పే టేపు జరిగింది. పక్కపక్కనే రెండు చిల్లులుంటే గాలి తక్కువై గుంత అంచుకి కొట్టుకుంది. కారణం దొరక్కుండా కొత్త ట్యూబు వేస్తే రెండు కిలోమీటర్లలో మళ్లీ దిగుతావు. టైరు లోపల వేలితో మెల్లగా తడుముతూ ఒక చుట్టు వెళ్లు, సన్నని ఇనప తీగ ముక్కలు కంటికి కనపడవు.

కొత్త ట్యూబుకి కొంచెం గాలి పోసి గుండ్రంగా అయ్యాక లోపల పెట్టు. టైరు అంచుని వాల్వుకి ఎదురుగా మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించు. అలా చేస్తే మిగతా అంచు రిమ్ము మధ్య లోతులోకి దిగి, చివర్లో వదులు దొరుకుతుంది. ఆఖరి భాగం బొటనవేళ్లతోనే ఎక్కించు, లివర్ వాడితే కొత్త ట్యూబుకి కూడా చిల్లు పడొచ్చు. వాల్వుని ఒకసారి లోపలికి నెట్టి లాగి, టైరు కింద ట్యూబు ఎక్కడా నలగలేదని రెండు వైపులా చూసుకున్నాకే పూర్తిగా గాలి కొట్టు. కార్బన్ డయాక్సైడ్ గొట్టం వాడితే 16 గ్రాములది ఒక టైరుకి సరిపోతుంది. వట్టి చేత్తో పట్టుకోకు, మంచులా చల్లబడి చర్మానికి అతుక్కుంటుంది. ఆ వాయువు రబ్బరులోంచి త్వరగా పోతుంది, ఇంటికొచ్చాక మామూలు గాలి కొట్టుకో.

ఎవరైనా పడితే ముందు ఇద్దరు రెండు వైపులా వెళ్లి బండ్లని ఆపాలి. పడినవాళ్లని లాగి నిలబెట్టకూడదు. తలకి దెబ్బ తగిలి, అడిగిందే అడుగుతున్నా, మగతగా ఉన్నా, బాగానే ఉన్నానని వాళ్లెంత చెప్పినా సైకిల్ ఎక్కనివ్వకుండా డాక్టరు దగ్గరికి పంపాలి. దెబ్బ తిన్న హెల్మెట్ మళ్లీ వాడకూడదు. సైకిల్ చెయిను వైపుకి పడితే వెనక గేరు మార్చే భాగాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే చిన్న ముక్క వంగొచ్చు. అది చూసుకోకుండా అన్నిటికంటే పెద్ద పళ్లచక్రం మీదికి గేరు వేస్తే ఆ భాగం స్పోకుల్లోకి దూరి చక్రం విరగొచ్చు. వెనక నుంచి చూసి అది నిటారుగా ఉందో లేదో తేల్చుకునే దాకా ఆ గేరు ముట్టుకోవద్దు.

శనివారం లోపు వెనక చక్రం ఒకసారి విప్పి, ట్యూబు మార్చి, నీ చిన్న పంపుతోనే పూర్తిగా గాలి కొట్టి చూడు. రెండు మూడు వందలసార్లు కొట్టాల్సి వస్తుంది. ఎంతసేపు పట్టిందో రాయి. చెయిను లింకు ఇంకా కొనకపోయి ఉంటే వెనక పళ్లచక్రాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి చెప్పు, నేనే పంపిస్తాను.

మీ మావయ్య