మాచికాయ మొదలుకొని క్రికెట్ బంతి దాకా: ఓక్ చెట్టు మీద మీ ప్రశ్నలు

ప్రశ్న: తెలుగు బైబిల్లో చాలాచోట్ల సింధూర వృక్షం అని వస్తుంది. అబ్రాహాము మోరే దగ్గర ఆగిందీ ఆ చెట్టు దగ్గరే. అది సింధూరం కాసే చెట్టా అని మా పిల్లోడు అడిగితే చెప్పడానికి రాలేదు. మన లంకమల అడవిలో ఆ చెట్టు ఉందా సార్?
– ఒక పాఠకురాలు, జమ్మలమడుగు

కాదమ్మా, పేరు వల్ల వచ్చిన చిక్కు ఇది. అక్కడ సింధూర వృక్షం అంటే ఓక్ చెట్టు, మన నిఘంటువుల్లో కూడా ఓక్‌కు ఆ మాటే కనిపిస్తుంది. ఎర్రరంగు ఇచ్చే చెట్లు వేరే ఉన్నాయి. గింజల మీద ఎర్రరంగు ఉండేది జాఫ్రా, కాయల మీద ఎర్రటి పొడి ఉండేది కుంకుమ చెట్టు, దీన్నే సిందూరి అని కూడా అంటారు. ఈ రెండిటికీ ఓక్‌కూ చుట్టరికం లేదు. ఓక్‌లో ప్రపంచం మొత్తం మీద సుమారు 450 రకాలున్నాయి, మన దేశంలో అవి హిమాలయాల్లో, ఈశాన్య కొండల్లో పెరుగుతాయి, దక్షిణాదిలో తనంతట తాను మొలిచే ఓక్ లేదు. కాబట్టి లంకమలలో వెతికినా దొరకదు.

అయితే ఆ చెట్టుది ఒక వస్తువు మీ ఇంట్లోనే ఉండొచ్చు. మీ జేజి మందుల డబ్బాలో గోలీ అంత సైజులో, పైన బొడిపెలతో, గట్టిగా ఉండే మాచికాయ ఉందేమో చూడండి. అది ఓక్ చెట్టుదే, టర్కీ, సిరియా, ఇరాన్ వైపు పెరిగే ఒక పొట్టి రకానిది. కాయ అంటాం గానీ నిజానికి అది కాయ కాదు. కందిరీగ జాతికి చెందిన ఒక చిన్న పురుగు లేత మొగ్గలో గుడ్డు పెడుతుంది, లోపల పిల్లపురుగు పెరుగుతుంటే చెట్టు దాని చుట్టూ అలా ఉండ కట్టేస్తుంది. పురుగు పెద్దదయ్యాక చిల్లు పెట్టుకుని వెళ్లిపోతుంది. అందుకే అంగడిలో కొనేటప్పుడు చిల్లు లేనివి, చేతిలో బరువు తెలిసేవి ఏరుకోండి, వగరు ఎక్కువగా ఉండేది వాటిలోనే.

ప్రశ్న: మా పాపకు ప్రసవమై ఇరవై రోజులైంది. మాచికాయ పొడి రోజూ నెయ్యిలో కలిపి తినిపించమనీ, బిడ్డకు కూడా సాన మీద అరగదీసి నాకించమనీ, కింద కడుక్కోవడానికి కూడా అదే కషాయం వాడమనీ మా వియ్యపురాలు పట్టుబడుతోంది. ఆమె మాట తీసేస్తే బాగుండదు, అలాగని బిడ్డ విషయంలో నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?
– ఒక తల్లి, ప్రొద్దుటూరు

మీ టెన్షన్‌కు కారణం ఉందమ్మా. ముందు మాచికాయలో ఏముందో చెప్తాను. దాని గుణమంతా వగరే. మంచి మాచికాయ బరువులో సగానికి పైగా టానిన్ అనే వగరు పదార్థమే ఉంటుంది. పచ్చి అరటికాయ కొరికితే నాలుక బిగుసుకుపోయినట్టు అవుతుంది చూడండి, ఆ వగరు చిగుళ్లకో చర్మానికో తగిలినప్పుడు కూడా పైపొర అలాగే బిగుస్తుంది, ఊరే రసి తగ్గుతుంది, కొద్దిపాటి రక్తం ఆగుతుంది. యూరప్‌లో పాతకాలం నుంచీ ఓక్ బెరడు కషాయాన్ని చర్మం మంటలకూ, నోటి పూతకూ, విరేచనాలకూ వాడుతున్నారు, జర్మనీలో ఇప్పటికీ మందుల షాపుల్లో ఆ బెరడు అమ్ముతారు. మన పెద్దవాళ్లు పళ్లపొడిలో మాచికాయ వేసిందీ అందుకే, అందులో వాళ్లు తప్పేమీ చెయ్యలేదు.

కానీ ఈ వగరుకు ఇంకో గుణం ఉంది, ఇనుము కనబడితే పట్టేసుకుంటుంది. మా జేజి మాచికాయ కాచేటప్పుడు ఇనుప బాణలి దగ్గరికి రానిచ్చేది కాదు. నేను చిన్నప్పుడు ఆమె లేని సమయంలో బాణలిలో కాచి చూశాను, నీళ్లు నల్లగా సిరాలాగా అయిపోయాయి, బాణలిని ఎంత తోమినా రెండు రోజులు నలుపు వదల్లేదు. ఇప్పుడు ఇదే మీ పాప కడుపులో ఊహించుకోండి. రక్తం తక్కువ కాకూడదని ప్రసవం తర్వాత కూడా 180 రోజులు ఐరన్ మాత్రలు ప్రభుత్వమే ఇస్తుంది కదా, అవి వేసుకునే మనిషికి రోజూ మాచికాయ పొడి తినిపిస్తే ఆ ఇనుమును వగరు పట్టుకుని ఒంటికి పట్టనివ్వదు, పైగా మలబద్ధకం చేస్తుంది. కుట్లు పడిన బాలింతకు ఆ బాధ ఎంతుంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. టీ కూడా అంతే, మాత్ర వేసుకునే వేళకు టీ ఇవ్వకండి.

ఇక బిడ్డకు అసలు వద్దు. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప ఏదీ నోట్లో పెట్టకూడదు, మంచినీళ్లు కూడా. సాన ఎంత కడిగినా శుభ్రం అనుకోవడానికి లేదు, ఇరవై రోజుల బిడ్డకు విరేచనాలు పట్టుకుంటే గంటల్లో నీరసించిపోతుంది. కింద కడుక్కోవడానికి కుట్లు మానేదాకా మామూలు గోరువెచ్చని నీళ్లు చాలు, పొడి గానీ కాయ గానీ లోపల పెట్టడం అస్సలు వద్దు, బిగుతు అవుతుందని చెప్పి అమ్మేవాళ్లను నమ్మకండి. గంటకొక ప్యాడ్ తడిసేంత రక్తం పోతున్నా, జ్వరం వచ్చినా, చెడు వాసన ఉన్నా మాచికాయ సంగతి పక్కనబెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి.

వియ్యపురాలి మాట పూర్తిగా తీసేయక్కర్లేదు. "వదినా, మీరు తెచ్చిన మాచికాయ మా అమ్మాయి చిగుళ్లకు వాడదాం, తినడానికి మాత్రం డాక్టరమ్మ వద్దంది" అని చెప్పండి. డాక్టరమ్మను ఒకసారి అడిగితే ఆమె కూడా అదే చెప్తుంది, కాబట్టి అబద్ధం కాదు. చిగుళ్ల నుంచి రక్తం వస్తుంటే ఒక కాయ నలగ్గొట్టి గ్లాసున్నర నీళ్లలో గ్లాసు అయ్యేదాకా స్టీలు గిన్నెలో కాచి, వడగట్టి, చల్లారాక రోజుకు రెండుసార్లు పుక్కిలించి ఉమ్మేయాలి. వారంలో చిగుళ్ల రక్తం ఆగకపోతే పళ్ల డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: మా తాత కాలం నాటి భూమి దస్తావేజుల్లో అక్షరాలు గోధుమరంగుకు తిరిగాయి, కొన్నిచోట్ల అక్షరం ఉన్నచోటే కాగితం తెగి చిల్లు పడింది. చెదలు కాదు. లామినేషన్ చేయించమంటున్నారు, చేయించొచ్చా?
– ఆదోని నుంచి ఒకరు

లామినేషన్ చేయించకండి, దయచేసి. చెదలైతే అక్షరం ఉందా లేదా అని చూడదు, ఎక్కడైనా తింటుంది. గీతల వెంబడే తెగిందంటే అది మాచికాయ సిరా చేసిన పని అయ్యే అవకాశం ఎక్కువ. మాచికాయ నానబెట్టిన నీళ్లు, అన్నభేది, తుమ్మజిగురు కలిపి ఈ సిరా చేసేవాళ్లు. అన్నభేది అంటే ఇనుప లవణమే, అంటే పైన చెప్పిన బాణలి సంగతే ఇక్కడా. రాసేటప్పుడు లేతగా ఉండి గాలి తగిలేకొద్దీ నల్లబడుతుంది, నీళ్లకు తేలిగ్గా చెరగదు, అందుకే యూరప్‌లో వందల ఏళ్లు దస్తావేజులన్నీ దీంతోనే రాశారు, దొరల కాలంలో మన ఆఫీసులకూ వచ్చింది. దీనిలో ఆమ్లం ఉంటుంది, అది ఏళ్ల తరబడి కాగితాన్ని తింటూ వస్తుంది, తేమ తగిలితే ఇంకా వేగంగా తింటుంది. మన దగ్గర మాచికాయ చేసే పనిని కరక్కాయ కూడా చేస్తుంది. శ్రీకాళహస్తి కలంకారీలో గుడ్డను ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి, తర్వాత ఇనుప ముక్కలు బెల్లంతో ఊరబెట్టిన నీళ్లతో గీస్తే గీత నల్లగా తేలుతుంది, రెండూ ఒకే కిటుకు.

మీరు చెయ్యాల్సింది: తడి గుడ్డతో తుడవకండి, టేపు అంటించకండి, మడతలు ఇంకోసారి మడవకండి. ప్రతి పేజీనీ రెండు వైపులా స్కాన్ తీయించండి, రిజిస్టర్ అయినవైతే రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు కూడా తీసుకోండి. అసలువాటిని మధ్య మధ్య ఆమ్లం లేని కాగితం పెట్టి, మడవకుండా పరిచి పొడి చోట దాచండి. గోడ బీరువా కంటే వానకాలంలో చెమ్మ తగలని పెట్టె మేలు.

ప్రశ్న: నర్సరీలో సిల్వర్ ఓక్ మొక్కలు ఇస్తున్నారు. దాని బెరడు కూడా మందుకు పనికొస్తుందా? గట్టు మీద పెట్టుకోవచ్చా?
– ఒక రైతు, కళ్యాణదుర్గం

అది ఓక్ కాదన్నా. ఆస్ట్రేలియా చెట్టు, పేరు మాత్రమే అలా వచ్చింది. కాఫీ తోటల్లో నీడకు, ప్లైవుడ్‌కు, పెట్టెలకు పెంచుతారు. మొదటి రెండు మూడేళ్లు నీళ్లు పెట్టగలిగితే గట్టు మీద పెట్టుకోండి, బెరడును మందుకు మాత్రం వాడకండి. వగరు బెరడే కావాలంటే మీ చుట్టూ ఉన్న తుమ్మ, తంగేడు ఏమీ తక్కువవి కావు. యూరప్‌లో తోళ్లు ఊనడానికి ఓక్ చెక్క వాడినట్టే మనవాళ్లు తంగేడు చెక్క, తుమ్మ చెక్క వాడారు.

ప్రశ్న: మందు సరే, ఓక్ వల్ల ఇప్పుడు మనకేమైనా ఉపయోగం ఉందా?
– డిగ్రీ విద్యార్థి, అనంతపురం

చాలా ఉంది తమ్ముడూ. ఉత్తరాఖండ్ కొండల్లో బాంజ్ అనే ఓక్ ఆకు పశువులకు మేత, ఎండిన ఆకు ఎరువు, కొమ్మలు వంటచెరకు, ఆ అడవి ఉన్నచోట ఊటలు నిలుస్తాయని అక్కడి ఆడవాళ్లు దాన్ని కళ్లలో పెట్టుకుని చూసుకుంటారు. మణిపూర్‌లో ఓక్ ఆకు మేసే పట్టుపురుగుల నుంచి టసర్ తీస్తారు. కొరియాలో ఓక్ గింజల పిండిని వగరు పోయేదాకా నీళ్లలో నానబెట్టి, ఉడికించి, ముక్కలు కోసుకుని తింటారు.

నీకు దగ్గరగా ఉండేది ఇంకొకటి చెప్తాను. సీసా మూతలకు వాడే బెండు కూడా ఒక ఓక్ బెరడే. చెట్టుకు పాతికేళ్లు వచ్చాక మొదటిసారి బెరడు ఒలుస్తారు, చెట్టును కొట్టరు, తర్వాత తొమ్మిదేళ్లకోసారి ఒలుస్తూ పోతే చెట్టు మళ్లీ మళ్లీ బెరడు కట్టుకుంటుంది. ప్రపంచంలో సగం బెండు పోర్చుగల్‌దే, తర్వాత స్పెయిన్‌ది, 1969లో అనంతపురం వచ్చి ఇక్కడే ఉండిపోయిన ఫాదర్ ఫెర్రర్ పుట్టిన దేశం. ఆ బెండే క్రికెట్ బంతి నడిమధ్యలో ఉంటుంది, దాని మీద దారం, దాని మీద తోలు. మీ గ్రౌండ్‌లో కుట్లు ఊడిపోయిన పాత బంతి ఉంటే పారేయకుండా సగానికి కోసి చూడు.