ఫ్రిస్కో పేరు చూసి ఇల్లు కొనేయాలా?

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటున్నామండీ, పాప వచ్చే ఏడాది కిండర్‌గార్టెన్‌కి వెళ్తుంది. పక్కనున్న ఫ్రిస్కో ఐఎస్‌డీలోనే (అక్కడి ప్రభుత్వ స్కూళ్లు నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్) ఇల్లు కొనమని అందరూ అంటున్నారు, కానీ రేట్లు చూస్తే గుండె దడ. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఒక మాటమ్మా, ఊరి పేరు వేరు, స్కూల్ డిస్ట్రిక్ట్ వేరు. ఫ్రిస్కో ఐఎస్‌డీలోకి ప్లేనో, మెకిన్నీ, లిటిల్ ఎల్మ్‌లో కొన్ని భాగాలు కూడా వస్తాయి, అక్కడ కూడా వెతకండి. నచ్చిన ఇంటి అడ్రస్ డిస్ట్రిక్ట్ సైట్‌లో కొట్టి ఏ స్కూల్ పడుతుందో మీరే చూస్కోండి, ఏజెంట్ నోటిమాట నమ్మొద్దు. ఏ ఇల్లు ఏ స్కూల్ కిందికి వస్తుందో చెప్పే జోన్లు మారుతుంటాయి కాబట్టి ఒక్క స్కూల్ రేటింగ్ పట్టుకుని అప్పుల్లో దిగడం నాకైతే నచ్చదు. టెక్సస్‌లో స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదని మురిసిపోతాంగానీ ప్రాపర్టీ ట్యాక్స్ వాయించేస్తుంది, అందులో స్కూళ్ల వాటాయే పెద్దది, ఈఎంఐతో కలిపి లెక్కేస్కోండి. కొన్నాక హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్‌కి, అంటే మనం ఉండే సొంతింటికి ప్రాపర్టీ ట్యాక్స్‌లో ఇచ్చే మినహాయింపుకి, అప్లై చేయడం మాత్రం మర్చిపోకండి. తొందరేం లేదు, ముందు ఆ జోన్‌లోనే ఏడాది అద్దెకుండి చూడండి, అద్దెకున్నా పాపకి సీటు ఇస్తారు.